రాడ్డు వేసి పది వారాలు, ఎక్స్‌రేలో గీత ఇంకా అట్నే ఉంది. కాలు కింద పెట్టాలా వద్దా?

రొయ్యల చెరువు (అల్లూరు మండలం) · జూన్ 8, రాత్రి 9:12

అందరికీ నమస్తే. మాది ఇసకపల్లి పక్కన. రెండు చెరువుల్లో వనామీ రొయ్య వేశాను. ఉగాది మరుసటి రోజు రాత్రి కరెంటు పోయి, నీళ్లకు గాలి పట్టించే ఎరేటర్లు ఆగాయి. జనరేటర్ వేద్దామని గట్టు మీద పరిగెత్తాను. షీటు మీద నాచు. జారాను, పాదం పైపుల సందులో ఇరుక్కుంది, ఒళ్లు మాత్రం ఇంకో వైపు తిరిగింది. ఎండిన కందికట్టె విరిచినట్టు చప్పుడు నాకే వినపడింది.

ఎడమ కాలు. మోకాలికీ చీలమండకీ మధ్య పెద్ద ఎముక, చీలమండకు కాస్త పైన విరిగింది. పక్కనున్న సన్న ఎముక కూడా. నెల్లూరులో రాడ్డు వేశారు, పైన రెండు స్క్రూలు, కింద రెండు. ఇప్పటికి పది వారాలు.

మొన్న చూపించుకుంటే డాక్టరు గారు ఎక్స్‌రే చూసి "ఇంక వాకర్ పట్టుకుని బరువు పెట్టి నడువు" అన్నారు. ఫిల్ము నేనూ చూశాను కదా, విరిగిన గీత ఇంకా అట్నే ఉంది. అతక్కుండానే బరువు పెట్టమంటారేంది? అడుగుదామంటే బయట అరవై మంది కూర్చోనున్నారు. ఇంటికొస్తే మా అత్త "కాలు నేలకు తగలనిచ్చావంటే ఊరుకోను" అంటోంది. బావమరిది నాటు కట్టు కట్టించుకొద్దాం పద అని కారు తెచ్చి వాకిట్లో పెట్టాడు. ఎవరి మాట వినాలి?

వయసు 41. షుగర్ లేదు. సిగరెట్లు రోజుకు ఏడెనిమిది.

పెన్నా గట్టు (నెల్లూరు) · జూన్ 8, రాత్రి 9:30

డాక్టరు మాట వినకపోతే మళ్లీ ఫీజు. అత్త మాట వినకపోతే చేపల పులుసు బంద్. కష్టమే అన్నా.

ఎక్స్‌రే ఫోటో ఉంటే పెట్టండి. ఇక్కడ పాత ఎక్స్‌రే పెద్దాయన ఉన్నారు, చూసి చెబుతారు.

పాత ఎక్స్‌రే (ఒంగోలు) · జూన్ 9, ఉదయం 6:05

ముప్పై రెండేళ్లు సర్కారు ఆసుపత్రుల్లో ఎక్స్‌రేలు తీశాను. డాక్టర్ని కాదు, ఆ సంగతి ముందే చెబుతున్నా. మీ కాలు చూసింది మీ డాక్టరు, నేను కాదు. కానీ గీత సంగతి చెప్పగలను.

ఎక్స్‌రేకి కనపడేది సున్నం పట్టిన ఎముకే. సున్నం పట్టనిది అక్కడ ఎంత ఉన్నా ఖాళీగానే కనపడుతుంది. జనం మోసపోయేది ఇక్కడే.

విరిగిన రోజు ఎముక చివర్ల నుంచీ, ఎముకను అంటిపెట్టుకుని ఉండే పొర నుంచీ రక్తం కారి అక్కడే గడ్డ కడుతుంది. "చెడు రక్తం చేరింది, పిండించెయ్యాలి" అంటారు మన వాళ్లు. అతుకు మొదలయ్యేదే ఆ గడ్డలో. మొదటి వారం వాపు, వేడి, సలుపు ఉంటాయే, అదంతా బాగుచేసే కణాలు అక్కడికి చేరుతున్న గొడవ. రెండు మూడు వారాలకు గడ్డ పోయి, దాని చోట మెత్తటి మృదులాస్థి వస్తుంది. మీ చెవి పై అంచు పట్టుకుని వంచి చూడండి, అలాంటిదే. రెండు చివర్లనూ అది పట్టి ఉంచుతుంది, ఎక్స్‌రేలో మాత్రం కనపడదు. పైగా విరిగిన అంచుల్లో చచ్చిన ఎముకను ఒళ్లు తినేస్తుంది కాబట్టి, మూడో వారంలో గీత మొదటి రోజుకన్నా వెడల్పుగా కనపడటం కూడా మామూలే. ఆ ఫిల్ము చూసి ఏడ్చినవాళ్లు నాకు తెలుసు.

ఆ తర్వాత ఆ మెత్తటిదానికి సున్నం పట్టడం మొదలవుతుంది. ఫిల్ములో గీతకు అటూ ఇటూ, ఎముక బయటి అంచుల మీద, పలచటి మబ్బు తునకలాంటిది కనపడుతుంది. నెలలు గడిచేకొద్దీ చిక్కబడి చెరుకు కణుపులా ఉబ్బుతుంది. దాన్నే క్యాలస్ అంటారు. గీత మధ్యలో కాదు, పక్కల చూడాలి మీరు. వంతెన పక్కల నుంచి పడుతుంది, మధ్యలో గీత ఆఖర్న పోతుంది.

లెక్క ఒకటి ఉంది. ముందు నుంచి ఒక ఫిల్ము, పక్క నుంచి ఒక ఫిల్ము తీస్తాం. ఒక్కోదాంట్లో ఎముకకు రెండు గోడలు కనపడతాయి, మొత్తం నాలుగు. మూడు గోడల మీద వంతెన పడితే అతికినట్టే లెక్క.

ఫోటో పెట్టండి, రెండు వైపులవీ.

రొయ్యల చెరువు · జూన్ 9, ఉదయం 7:20

పెట్టాను పెద్దాయనా. ఫోను కిటికీకి ఆనించి తీశాను, కొంచెం వంకరగా వచ్చింది.

పాత ఎక్స్‌రే · జూన్ 9, ఉదయం 7:48

ముందు ఫిల్ములో లోపలి వైపు గోడ మీద మబ్బు ఉంది. పక్క ఫిల్ములో వెనక వైపు కొంచెం. మిగతా రెండు గోడలూ ఇంకా బోసి. అంటే పని మొదలైంది, నిదానంగా ఉంది. చీలమండకు పైన ఆ చోటు అట్లాంటిదే. అక్కడ ఎముక మీద కండ లేదు, చర్మం తీస్తే ఎముకే. రక్తం తక్కువ అందుతుంది. అదే మూపు దగ్గర విరిగి ఉంటే ఈపాటికి అతికేది.

సిగరెట్లు అన్నారు కదా. ఉన్న కాస్త రక్తనాళాలనూ నికోటిన్ బిగదీస్తుంది. ఇంతకుమించి చెప్పను, 41 ఏళ్ల మనిషివి.

చీమకుర్తి గెలాక్సీ (చీమకుర్తి) · జూన్ 9, ఉదయం 10:15

అన్నా, అసలు సందేహం మిగిలిపోయింది. అతకకుండా బరువు పెడితే రాడ్డు వంగదా? నాకు ముంజేతికి ప్లేటు వేశారు, మూడు నెలలు నీళ్ల చెంబు కూడా ఎత్తొద్దన్నారు. ఈయన్నేమో నడవమన్నారు. ఒక్కో డాక్టరు ఒక్కో రకంగా చెబుతారా?

వాకర్ టీచరు (ఒంగోలు, ఫిజియోథెరపిస్టు) · జూన్ 9, మధ్యాహ్నం 2:40

ఒక్కో రకంగా చెప్పడం కాదు తమ్ముడూ, రెండూ వేరు.

రాడ్డు ఎముక మధ్య బోలులో, నడిమికి ఉంటుంది. మీరు కాలు ఆనిస్తే బరువు కొంత రాడ్డు మీదుగా, కొంత ఎముక మీదుగా దిగుతుంది. ప్లేటు ఒక పక్కన అంటించి ఉంటుంది. ఒక పక్కనున్నదాని మీద పదే పదే బరువు పడితే అక్కడే వంగుతుంది, స్క్రూలు వదులవుతాయి. పైగా ముంజేతికి ప్లేటు వేసేటప్పుడు రెండు చివర్లనూ వెంట్రుక సందు లేకుండా నొక్కి బిగిస్తారు. అప్పుడు క్యాలస్ పెద్దగా రాదు, ఎముక గీతకు అడ్డంగా నేరుగా అల్లుకుంటుంది, ఎక్కువ కాలం పడుతుంది. రాడ్డు వేసినచోట సన్నటి కదలిక ఉంటుంది. ఆ కాస్త కదలికే క్యాలస్‌ను పిలుస్తుంది. మరీ ఎక్కువ కదిలితే చెడుతుంది, అసలు కదలకపోతే రాదు.

ఎముక మీద ఎటువైపు బరువు పడుతుందో అటువైపే అది బలపడుతుందని యూలియస్ వోల్ఫ్ అనే జర్మన్ సర్జన్ 1892లోనే పుస్తకం వేశాడు. అంతరిక్షంలో ఉండేవాళ్లను చూడండి. అక్కడ కాళ్లకు బరువే తెలియదు కాబట్టి తుంటి ఎముక సాంద్రత నెలకు సుమారు ఒక శాతం, ఒకటిన్నర శాతం దాకా పోతుంది. మంచం మీద మూడు నెలలు కాలు చాచుకుని ఉన్నా అదే దారి. శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది కానీ, అక్కడి రాకెట్టు ఎక్కకుండానే ఆ నష్టం మీ ఇంట్లో మీకు జరుగుతుంది.

కాబట్టి రొయ్యల చెరువు గారూ, డాక్టరు నడవమన్నారంటే ఆ గీత ఆయనకు కనపడక కాదు. ఎంత బరువు పెట్టమన్నారు? పూర్తిగానా, సగమా?

రొయ్యల చెరువు · జూన్ 9, సాయంత్రం 5:02

"ఓర్చుకోగలిగినంత" అన్నారు మేడమ్. ఓర్చుకోవడానికి కొలత ఏముంది? నేనసలు ఆనించడమే లేదు, గాల్లో పెట్టుకుని గెంతుతున్నా.

వాకర్ టీచరు · జూన్ 9, సాయంత్రం 6:30

కొలత ఉంది. ఇంట్లో బరువు చూసుకునే మిషన్ ఉందా? వాకర్ పట్టుకుని నిలబడి, మంచి కాలు అదే ఎత్తు పీట మీద, దెబ్బతిన్న కాలు మిషన్ మీద పెట్టండి. మెల్లగా ఆనించండి. ముల్లు 15 కిలోల దగ్గరికి వచ్చాక ఆగి, కాలికి ఆ బరువు ఎట్లా తెలుస్తోందో గుర్తుపెట్టుకోండి. కళ్లు మూసుకుని మళ్లీ అంతే పెట్టి చూడండి. పది సార్లు చేస్తే ఒంటికి తెలిసిపోతుంది. అంతే బరువుతో నాలుగు రోజులు నడిచి, మీ డాక్టరు సరేనంటే ఐదైదు కిలోలు పెంచుకుంటూ పోండి.

నడిచాక కాస్త నొప్పి ఉండి రాత్రికి తగ్గితే ఫరవాలేదు. తెల్లారేసరికి కూడా వాపు, నొప్పి అట్నే ఉంటే ముందు రోజు ఎక్కువ చేశారని. కలుక్కుమని ఒక్క చోట పొడిచినట్టు నొప్పి వచ్చినా, కాలు వంకర తిరిగినట్టు కనపడినా ఆగి ఆసుపత్రికి వెళ్లండి.

ఇంకోటి. దర్జీ టేపు తెప్పించండి. మోకాలి చిప్ప పై అంచు నుంచి 15 సెంటీమీటర్లు పైకి కొలిచి పెన్నుతో గుర్తు పెట్టి, అక్కడ తొడ చుట్టుకొలత తీయండి. రెండు కాళ్లకూ. ప్రతి ఆదివారం.

రొయ్యల చెరువు · జూన్ 10, ఉదయం 8:11

మిషన్ లేదు, మేత బస్తాలు తూచే కాటా ఉంది. మా పనోడు మోసుకొచ్చి వరండాలో వేశాడు. 15 కిలోలకు ప్రాణం పోతుందనుకున్నా. పోలేదు. చెమటలు పట్టాయి. మా అత్త తలుపు చాటు నుంచి చూస్తోంది.

తొడ కొలిచాను. కుడి 49, ఎడమ 44. అయిదు సెంటీమీటర్లు ఎటు పోయాయండీ? రాడ్డు కింద వేశారు, తొడకేమైంది?

వాకర్ టీచరు · జూన్ 10, ఉదయం 9:00

వాడకపోతే పోయేది మొదట కండే. మోకాలిని నిలబెట్టేది ఆ తొడ కండే, అందుకే మెట్లు దిగేటప్పుడు కాలు మడతపడిపోతుంది. ఎముక అతకడం డాక్టరు ఫిల్ములో చూస్తారు, ఈ తొడను మీరే చూసుకోవాలి.

మంచం మీద కూర్చుని మోకాలి కింద దిండు పెట్టి, దిండును కిందికి నొక్కి పది లెక్కపెట్టండి. పూటకు ముప్పై. సిగరెట్టు గుర్తొచ్చినప్పుడల్లా ఇది చేయండి, రెండూ కలిసొస్తాయి.

కందుకూరు కోడలు · జూన్ 10, ఉదయం 11:37

మా మామగారికి మణికట్టు విరిగింది, పిండికట్టు వేశారు. మా అత్తగారు రోజూ మేక కాళ్ల పాయా. మా తోటికోడలు రాగి జావ. మా అమ్మ ఫోన్ చేసి నల్లేరు పచ్చడి అంటోంది. ఆయన పారిపోయేట్టున్నారు. వీటిలో ఏది నిజంగా ఎముకకు పోతుంది?

పాత ఎక్స్‌రే · జూన్ 10, మధ్యాహ్నం 12:20

పాయా రుచికి మంచిది. ఎముకలు ఎంత ఉడికించినా రసంలోకి దిగే కాల్షియం చాలా తక్కువ. రాగులు నయం, వంద గ్రాముల్లో మూడు వందల మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. పెద్దవాళ్లకు రోజుకు వెయ్యి మిల్లీగ్రాములు కావాలని మన హైదరాబాదు పోషకాహార సంస్థ వాళ్ల లెక్క. రాగి జావ, రెండు గ్లాసుల పాలు లేదా మజ్జిగ, ఒక పూట నువ్వుల పొడి. మీ వైపు నెత్తళ్లు దొరుకుతాయి కదా, ముల్లుతో సహా నమిలితే అంతకన్నా మంచి కాల్షియం మాత్ర లేదు.

కానీ ఎముక అంటే సున్నం ఒక్కటే కాదమ్మా. పందిరికి ముందు రాటలు, తడికెలు ఉండాలి, తర్వాతే తీగ పాకేది. ఎముకలో ఆ తడిక పని కొల్లాజెన్ అనే మాంసకృత్తిది. సున్నం దాని మీద కూర్చుంటుంది. గుడ్డు, చేప, పప్పు లేకుండా కాల్షియం మాత్రలు ఎన్ని మింగించినా పందిరి లేని తీగే. పొద్దున పూట కాసేపు ఎండలో కూర్చోబెట్టండి.

కందుకూరు కోడలు · జూన్ 10, మధ్యాహ్నం 12:31

మరి నల్లేరు?

చీమకుర్తి గెలాక్సీ · జూన్ 10, మధ్యాహ్నం 1:15

నల్లేరు మా నానమ్మ చేసేది, చెబుతా అక్కా. కంచె మీద పాకుతుంది చూడండి, నాలుగు పలకల కాడ, కణుపు కణుపుకీ విరిగిపోతుంది. లేత కణుపులే తుంచాలి. చేతులకు నూనె రాసుకోకపోతే దురద చంపుతుంది. పలకల అంచున ఈనె ఉంటుంది, చిక్కుడుకాయకు తీసినట్టు తీసెయ్యాలి. ముక్కలు నూనెలో రంగు మారేదాకా బాగా వేయించి, ఎండుమిరపకాయలు, జీలకర్ర, ఎల్లిగడ్డ, చింతపండు దండిగా వేసి రోట్లో నూరాలి. పులుపు తగ్గితే గొంతు గీరుతుంది. వేడన్నంలో నువ్వులనూనె.

పాత ఎక్స్‌రే · జూన్ 10, మధ్యాహ్నం 1:40

సంస్కృతంలో దానికి అస్థిశృంఖల అని పేరు. కణుపుల గొలుసు చూసే ఆ పేరు పెట్టి ఉంటారు. ఎలుకల మీద పరీక్షలు, మనుషుల మీద చిన్న చిన్న పరీక్షలు జరిగాయి, కొన్నింట్లో మేలు కనపడింది. పచ్చడిగా తినండి, దాన్ని నమ్ముకుని పిండికట్టు మాత్రం ముందే విప్పకండి.

బావమరిది (కావలి) · జూన్ 11, రాత్రి 8:50

నేనే ఆ కారు తెచ్చినోణ్ణి. అందరూ కలిసి మా బావను కాటా ఎక్కించారు, బాగానే ఉంది. కానీ కట్టును తీసిపారేసినట్టు మాట్లాడొద్దు. మా నాయనకు 1998లో చెయ్యి విరిగితే పుత్తూరు తీసుకుపోయాం. ఆకు పసరు, గుడ్డు సొన, వెదురు దబ్బలు. మూడు కట్లు. ఈ రోజుకీ ఆ చేత్తోనే పాలు పితుకుతాడు. లక్షలు పోసి రాడ్లు ఎందుకు?

గూడూరు బస్సు · జూన్ 11, రాత్రి 9:25

నా మేనల్లుడికి అప్పుడు తొమ్మిదేళ్లు. చింతచెట్టు మీద నుంచి పడ్డాడు, మోచేతి పైన విరిగింది. మా ఊరి పక్కన కట్టు కట్టే ఒకాయన దగ్గరికి పోయాం. ఎక్స్‌రే లేదు ఏం లేదు. గట్టిగా బిగించాడు. రాత్రికి పిల్లాడు ఒకటే ఏడుపు. "ఓర్చుకోవాలి, పట్టు కుదురుతోంది" అన్నాడాయన ఫోన్లో. తెల్లారేసరికి వేళ్లు ఉబ్బి నల్లబడ్డాయి, తాకితే తెలియట్లేదు అన్నాడు. ఆసుపత్రికి పరిగెత్తాం. చెయ్యి దక్కింది. వేళ్లు మాత్రం ఈ రోజుకీ పూర్తిగా చాపలేడు, ముందుకు ముడుచుకుపోయి ఉంటాయి. ఇప్పుడు ఇంటర్.

తప్పు ఆయనది ఎంతో, తెల్లారేదాకా ఆగిన మాది అంత.

బావమరిది · జూన్ 11, రాత్రి 9:41

మీ మేనల్లుడి సంగతి బాధాకరం అన్నా. కానీ పిండికట్టు బిగుసుకుని చెయ్యి పోయినోళ్లు లేరా?

వాకర్ టీచరు · జూన్ 11, రాత్రి 10:10

ఉన్నారు. అందుకే ఈ మాట కట్టుకు, పిండికట్టుకు రెండింటికీ చెబుతున్నా. విరిగిన చోట లోపల వాపు పెరుగుతూ ఉంటుంది, బయట బిగుతు కదలదు. మధ్యలో కండ, నరాలు, రక్తనాళాలు నలిగిపోతాయి. ఆరు గంటలు దాటితే కండ చచ్చిపోవడం మొదలవుతుంది. మందు వేసినా ఆగని నొప్పి, వేళ్లు మెల్లగా చాపి చూస్తే ప్రాణం పోయేంత నొప్పి, తిమ్మిరి. ఈ మూడింట్లో ఏది కనపడినా తెల్లారేదాకా ఆగొద్దు. అర్ధరాత్రయినా కట్టు చీల్పించుకోవాలి. వేళ్లు నల్లబడేదాకా చూడకండి, అది ఆఖరి గుర్తు.

పాత ఎక్స్‌రే · జూన్ 12, ఉదయం 5:50

బావమరిది గారూ, మీ నాయన చెయ్యి అతికింది నిజం. అతికించింది పసరు కాదు, పిండికట్టయినా పిండి కాదు. ఎముకే అతుక్కుంటుంది. మనం చేసేది రెండు చివర్లూ ఎదురుబొదురుగా ఉంచి, కదలకుండా పట్టుకోవడం. ఆ పని వెదురు దబ్బలూ చేస్తాయి. 1850ల మొదట్లో మాథెయ్‌సన్ అనే డచ్చి సైనిక డాక్టరు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పొడిని గుడ్డకు పట్టించి, తడిపి చుట్టడం కనిపెట్టేదాకా లోకమంతా దబ్బలూ గుడ్డలూ గంజే.

పక్కకు జరగని విరుపుకు కట్టు సరిపోతుంది. పిల్లల ఎముక పచ్చికొమ్మలా సగం చిట్లి వంగి ఊరుకుంటుంది, దానికీ సరిపోతుంది. చివర్లు ఒకదాని మీద ఒకటి ఎక్కినా, కీలు దాకా చీలినా, చర్మం తెగినా, తుంటి విరిగినా దానితో కాదు. ఏది ఏదో తెలిసేది ఎక్స్‌రేతోనే. నా పొట్టకూడు అని చెప్పడం లేదు, రిటైరయ్యాను.

మీ బావకు లోపల రాడ్డు ఉంది. దాని మీద కట్టు కట్టడమంటే ఇంటికి తాళం వేసి పైన తాడు చుట్టడమే. కారు తిరిగి ఇచ్చెయ్యండి.

నిర్వాహకుడు · జూన్ 12, ఉదయం 9:00

కులాల మీద, డాక్టర్ల మీద రాసిన నాలుగు వ్యాఖ్యలు తీసేశాను. మళ్లీ రాస్తే ఐడీ కూడా తీసేస్తాను.

పొదిలి పంతులు · జూన్ 13, సాయంత్రం 4:15

పెద్దాయనా, మా వైపు సంగతి ఒకటి అడుగుతాను. మా అమ్మకు 66. వాకిట్లో జారి తుంటి విరిగింది, ఆపరేషన్ అయింది, నడుస్తోంది. ఎముక సాంద్రత పరీక్షలో మామూలుకన్నా ఎక్కువే వచ్చింది. "మీ ఎముకలు గట్టివే" అన్నాడు అక్కడి కుర్రాడు. గట్టివైతే అంత చిన్న జారుడుకు ఎందుకు విరిగింది?

పాత ఎక్స్‌రే · జూన్ 13, రాత్రి 7:30

పంతులుగారూ, ముప్పై ఏళ్ల కిందటి వరకు ఏ బోరు నీళ్లు తాగారు మీరు?

పొదిలి పంతులు · జూన్ 13, రాత్రి 7:44

ఊరి చేతిపంపు. నా పళ్లు చూస్తే ఎవరైనా మా ఊరు చెప్పేస్తారు. అదేనా?

పాత ఎక్స్‌రే · జూన్ 13, రాత్రి 8:25

అదే అయి ఉండొచ్చు, డాక్టరుతో తేల్చుకోండి. 1937లోనే షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ గురించి, అంటే నీళ్లలో ఎక్కువైన ఫ్లోరైడు పళ్లకూ ఎముకలకూ తెచ్చే జబ్బు గురించి, వైద్య పత్రికలో రాశారు. అప్పుడు మీ పొదిలి, కనిగిరి, దర్శి అన్నీ నెల్లూరులోనే. ప్రకాశం జిల్లా పుట్టిందే 1970లో. అంటే దేశంలో ఈ జబ్బు ఎముకల్లో మొదట గుర్తించింది మన వైపే.

ఆ ఊళ్ల మనుషుల ఫిల్ములు నేను తీసినవి ఇప్పటికీ కళ్లముందున్నాయి. వెన్నెముక సుద్దముక్కలా తెల్లగా, ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీలకు కూడా సున్నం పట్టి, ఎముకకు ఎముకకు మధ్య ముళ్లు లేచి. సాంద్రత మిషన్ మీద పెడితే అంకె ఘనంగా వస్తుంది. కానీ ఫ్లోరైడు చేరిన ఎముక పింగాణీలాంటిది. గట్టిదే, సాగదు. దెబ్బ తగిలితే వంగి ఓర్చుకోవడం దానికి తెలియదు. అమెరికాలో ఒకప్పుడు ఎముకలు గుల్లబారిన ఆడవాళ్లకు ఫ్లోరైడునే మందుగా ఇచ్చి చూశారు. 1990లో ఫలితం వచ్చింది. సాంద్రత పెరిగింది, వెన్నుపూసలు విరగడం తగ్గలేదు, చేతులూ కాళ్లూ విరగడం ఎక్కువైంది. దాంతో మానేశారు.

తాగే నీళ్లలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు లేకపోతే ఒకటిన్నర దాకా ఓర్చుకోవచ్చని మన దేశం లెక్క. అమ్మకు సాంద్రత అంకె చూసి మందు రాయించుకోవద్దు, పుట్టి పెరిగిన ఊరు, తాగిన నీళ్లు ఎముకల డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

పొదిలి పంతులు · జూన్ 13, రాత్రి 8:52

ఇన్నేళ్లలో మమ్మల్ని ఏ ఆసుపత్రిలోనూ ఆ ప్రశ్న అడగలేదు సార్.

హైవే పదహారు (సింగరాయకొండ) · జూన్ 15, రాత్రి 11:20

ఒకసారి విరిగి అతికితే ముందుకన్నా గట్టిగా అవుతుందంట కదా, అక్కడ మళ్లీ విరగదంట?

చీమకుర్తి గెలాక్సీ · జూన్ 16, ఉదయం 6:45

ఆ మాట నమ్మే నేను రెండోసారి విరగ్గొట్టుకున్నా. ముంజేతి ప్లేటు రెండేళ్లకు తీయించాను. ఆరు వారాలు బరువులు, ఆటలు వద్దన్నారు. నాలుగో వారం సంక్రాంతి, ఊళ్లో కబడ్డీ. ఒక పట్టు పట్టాను, టప్పుమంది. పాత స్క్రూ బొక్క దగ్గరే.

వాకర్ టీచరు · జూన్ 16, ఉదయం 8:30

చేదబావి తాడు ముడి వేసిన చోట లావుగా ఉంటుంది, అంతమాత్రాన కొత్త తాడుకన్నా గట్టిది కాదు. క్యాలస్ కూడా అంతే. మొదట వచ్చే ఎముక గజిబిజిగా అల్లిన ఎముక, బలం తక్కువ. ఆ తక్కువను లావుతో సరిపెట్టుకుంటుంది. తర్వాత నెలలు, ఒక్కోసారి ఏళ్లు, ఎముకను తినే కణాలు ఒక పక్క తవ్వుతూ పోతే కట్టే కణాలు వెనకే పూడ్చుకుంటూ వస్తాయి. బరువు పడే దారిలో వరుసలు తీరుతాయి, అక్కరలేని ఉబ్బు కరిగిపోతుంది. చివరికి పాత బలానికి వస్తుంది, అంతకు మించదు. చర్మం తెగితే మచ్చ మిగులుతుంది కానీ, ఎముక మాత్రం మచ్చ లేకుండా ఎముకగానే మళ్లీ పుడుతుంది.

ప్లేటు ఉన్నన్నాళ్లూ బరువు అదే మోస్తుంది కాబట్టి కింద ఎముక బద్ధకిస్తుంది. తీశాక స్క్రూ బొక్కలు పూడాలి, ఆ బద్ధకం వదలాలి.

రొయ్యల చెరువు · ఆగస్టు 17, రాత్రి 8:05

చాలా రోజులకు వచ్చాను, క్షమించాలి. రొయ్యల పట్టుబడి అయింది, అనుకున్న సైజు రాలేదు, ఆ గొడవ ఇక్కడ వద్దులే.

కాలు సంగతి. సిగరెట్లు జూన్ 20 నుంచి మానేశాను, రెండు సార్లు తప్పి. 60 కిలోలు ఆనించి కర్రతో నడుస్తున్నా. పోయిన వారం ఎక్స్‌రే తీస్తే రెండు గోడలే, మూడోది రాలేదు. డాక్టరు గారు చిన్న మత్తు ఇచ్చి పైనున్న రెండు స్క్రూల్లో ఒకటి తీసేశారు. "ఇంక బాగా నడు" అన్నారు. మళ్లీ అదే భయం పెద్దాయనా. అతక్కపోతే ఇంకోటి బిగించాలి గానీ ఉన్నది తీసెయ్యడమేంది?

పాత ఎక్స్‌రే · ఆగస్టు 18, ఉదయం 5:40

తెలివైన పనే చేశారు. రాడ్డుకు పైన ఉండే బొక్కల్లో ఒకటి గుండ్రం, ఒకటి కోలగా ఉంటుంది. గుండ్రం దాంట్లో స్క్రూ తీసేశారంటే, మిగిలిన స్క్రూ కోల బొక్కలో కాస్త పైకీ కిందికీ జరగగలదు. మీరు అడుగేసినప్పుడల్లా ఎముక చివర్లు రెండూ ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. ఇన్నాళ్లూ ఆ నాలుగు స్క్రూలూ వాటిని దూరంగా పట్టి ఉంచాయి. కాలు తిరిగిపోకుండా మిగిలిన స్క్రూలు చూసుకుంటాయి.

కర్ర పట్టుకుని నడవండి. తొడ ఎంత?

రొయ్యల చెరువు · ఆగస్టు 18, ఉదయం 7:15

46న్నర.

కందుకూరు కోడలు · ఆగస్టు 18, ఉదయం 10:02

మా మామగారికి ఆరు వారాలకే కట్టు విప్పారు. మణికట్టు చెక్కలా బిగుసుకుపోయింది, నెల రోజులు వేడినీళ్లలో పెట్టి వంచారు. ఇప్పుడు బాగుంది. నల్లేరు పచ్చడి ఆయనకు బాగా పట్టింది, ఇప్పుడు ఆయనే కంచెల వెంట తిరిగి తెస్తున్నారు.

రొయ్యల చెరువు · నవంబరు 23, రాత్రి 9:30

నాలుగో గోడ మీద కూడా పడింది. ఫోటో పెట్టాను, చూడండి పెద్దాయనా, మీరు చెప్పిన చెరుకు కణుపే. డాక్టరు గారు కర్ర పారెయ్యమన్నారు. తొడ 48, కుడికాలు మాత్రం 49న్నర అయింది, అది కూడా పెరుగుతోందేంది!

ఒక్కటే ఇబ్బంది. రొయ్యలు మేత తిన్నాయో లేదో చెక్ ట్రే ఎత్తి చూడటానికి గట్టు మీద మోకాలు ఆనిస్తే చిప్ప కింద పొడుస్తోంది. రాడ్డు తీయించుకోవాలా?

వాకర్ టీచరు · నవంబరు 24, ఉదయం 8:15

రాడ్డు అక్కడి నుంచే లోపలికి దింపుతారు, అందుకే మోకాళ్ల మీద కూర్చుంటే చాలామందికి ఆ నొప్పి ఉంటుంది. ప్రాణం మీదికి తెచ్చేది కాదు. పెద్దవాళ్లకు రాడ్డు తీయాల్సిన పని లేదు, ఇబ్బంది పెడితేనే తీస్తారు. అదీ ఏడాది, ఏడాదిన్నర దాటి ఎముక బాగా తీరాక. తీసినా ఆ నొప్పి పూర్తిగా పోతుందని హామీ లేదు. అప్పటిదాకా మేత సంచి మడిచి మోకాలి కింద వేసుకోండి.

చీమకుర్తి గెలాక్సీ · నవంబరు 24, ఉదయం 8:40

తీయిస్తే కబడ్డీకి రాకన్నా.

రొయ్యల చెరువు · నవంబరు 24, రాత్రి 10:55

సంచి బాగానే ఉంది మేడమ్. ఇప్పుడే ముసురులో కరెంటు పోయింది, పోయి జనరేటర్ వేసొచ్చా. పరిగెత్తలేదు, నడిచే పోయాను. అయినా మా అత్త టార్చి పట్టుకుని గట్టు దాకా వెనకే వచ్చింది.